తాతయ్య మెషీన్‌కి కొత్త పెయింటు వేయించమంటారా?

ప్రశ్న: మా తాతయ్య వాడిన గడ్డి కోసే పెట్రోల్ మెషీన్ ఒకటి షెడ్డులో ఏళ్ల తరబడి మూలన పడి ఉంది. వెనక రోలరు, ముందు గడ్డి పడే రేకు పెట్టె, మధ్యలో గుండ్రంగా తిరిగే బ్లేళ్ల సిలిండర్ ఉన్న పాత రకం. తాడు లాగితే ఇంజన్ కదలడం లేదు. ఒళ్లంతా తుప్పు. పెట్టె మీద ఏవో అక్షరాల ఆనవాళ్లున్నాయి గానీ చదవలేకపోతున్నాను. హ్యాండిల్‌కి కుడివైపు పెయింటు పూర్తిగా పోయి ఇనుము బయటపడింది. అన్నీ విప్పేసి, శాండ్‌బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి తుప్పు, పెయింటు ఒలిచేయడం) చేయించి, మంచి పెయింటు వేయించి కొత్తదానిలా చేయాలని నా ఆలోచన. బ్లాస్టింగ్ చేసేవాళ్లతో మాట్లాడాను కూడా. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి కర్ర దూర్చి సుత్తితో కొడితే లోపల పట్టేసిన పిస్టన్ వదులుతుందని ఒకాయన చెప్పారు, నిజమేనా? ఈలోగా ఉత్సాహం ఆగక మరో మూడు పాత మెషీన్లు కొన్నాను. రెండు మోవర్లు, అంటే గడ్డి కోసేవే, ఒకటి మట్టి తిరగేసే టిల్లర్. ఒక్కటీ బాగుచేయకుండా ఇనుప సామాను పోగేస్తున్నానని మా ఆవిడకి కోపం. నాకూ టెన్షన్‌గానే ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: ముందు బ్లాస్టింగ్ వాళ్లకి ఫోన్ చేసి వద్దని చెప్పండి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు, ఇది మాత్రం ఆగదు. పోయిన నట్టు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, విరిగిన లీవరు కొత్తది చేయించుకోవచ్చు. ఆ మెషీన్ మీద ఫ్యాక్టరీలో పడిన మొదటి పెయింటు ఒకసారి పోతే మళ్లీ రాదు. మీరు చదవలేకపోతున్నానన్న అక్షరాలు కూడా దాంతోనే పోతాయి.

బ్లాస్టింగ్‌తో ఇంకో చేటు ఉంది. ఇసుక రవ్వ ఎంత కట్టుదిట్టంగా మూసినా బేరింగుల్లోకి, ఇంజన్ లోపలికి దారి వెతుక్కుంటుంది. తర్వాత నూనెలో కలిసి లోపలి భాగాలన్నిటినీ ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. పల్చటి రేకు పెట్టె ఆ ఒత్తిడికి వంకర్లు పోతుంది. పైగా మీ తాతయ్య మెషీన్‌కి ఇంత వైద్యం అవసరమో కాదో మనకింకా తెలియదు. తుప్పు చూడగానే మనకి కంగారు పుడుతుంది. చాలాసార్లు అది పైపొర మాత్రమే, గోటితో గీస్తే కిందనే గట్టి ఇనుము తగులుతుంది.

నా మొదటి మెషీన్ సంగతి చెబుతాను. ఇంజన్ లేని, చేత్తో తోసే సిలిండర్ మోవర్. దొరికిన రోజునే ఆత్రంగా గడ్డి పెట్టె మీద వైర్ బ్రష్ పెట్టి రుద్దాను. గోధుమరంగు తుప్పు పొడి రాలుతుంటే పని బాగా జరుగుతోందనే అనుకున్నాను. ఓ మూల కొచ్చేసరికి తుప్పు కింద ముదురాకుపచ్చ పెయింటు కనిపించింది, దాని మీద బంగారు రంగు సన్నటి గీత. అప్పుడు ఆగాను. అప్పటికే పేరంతా పోయింది, చివర రెండక్షరాలు మిగిలాయి. ఆ పెట్టె ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ రెండక్షరాలను ఇన్నేళ్లలో మళ్లీ ముట్టుకోలేదు. ఆ తర్వాత అలాంటిదే ఇంకో పెట్టె వచ్చినప్పుడు పల్చటి మెషీన్ ఆయిల్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో, వేలి చివర పట్టేంత మేర మాత్రమే తుడుస్తూ పోయాను. నాలుగు సాయంత్రాలు పట్టింది. పేరు మొత్తం బయటికొచ్చింది.

మీరూ అలాగే చేయండి. గుడ్డ పట్టే ముందు ఇంకో పని. చీకటి పడ్డాక షెడ్డులో లైటు ఆపేసి, టార్చి పెట్టె రేకుకి దాదాపు ఆనించి, వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పట్టుకోండి. పగటి వెలుతురులో కనిపించని అక్షరాల అంచులకి నీడ పడుతుంది. ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి, తర్వాత పెద్దవి చేసి చూసుకోవచ్చు. సగం పేర్లు ఇలాగే దొరుకుతాయి.

పేరు తేలకపోయినా నిరాశపడొద్దు. పోత ఇనుప భాగాల లోపలివైపు ఉబ్బెత్తు అంకెలుంటాయి, అవి పార్టు నంబర్లు. ఇంజన్ కేసింగ్ మీదో, చుట్టూ ఉన్న రేకు కవచం మీదో గుద్దిన నంబర్లుంటాయి. అమెరికాలోని మిల్వాకీలో 1908లో పుట్టిన బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కంపెనీ ఇంజన్ అయితే మోడల్, టైప్, కోడ్ అని మూడు అంకెల వరుసలు కనిపిస్తాయి. కోడ్‌లో మొదటి రెండంకెలు చాలావరకు తయారైన సంవత్సరమే. అది విలియర్స్ ఇంజన్ కూడా కావచ్చు. ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్‌లో తయారైన ఆ ఇంజన్లు ఒకప్పుడు ఎన్నో కంపెనీల మోవర్ల మీద ఎక్కాయి. అందుకే ఇంజన్ మీది పేరు చూసి మెషీన్ పేరు అదేననుకోకండి. రెండూ వేర్వేరు కంపెనీలవి కావడం మామూలే.

మీ దగ్గరున్న ఈ బ్లేళ్ల సిలిండర్ పద్ధతి వయసు తెలిస్తే దాని మీద చెయ్యి వేసేటప్పుడు ఇంకాస్త మర్యాద వస్తుంది. ఇంగ్లండ్‌లో గ్లోస్టర్‌షైర్‌లోని స్ట్రౌడ్ దగ్గర ఉన్ని బట్టల మిల్లులుండేవి. నేసిన బట్ట మీద లేచే నూగుని సమంగా కత్తిరించడానికి అక్కడ తిరిగే బ్లేళ్ల మెషీన్ వాడేవారు. ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్ దాన్ని చూసి, బట్ట మీద నూగు తీయగలిగినది నేల మీద గడ్డి ఎందుకు కోయకూడదని ఆలోచించాడు. 1830లో పేటెంట్ తీసుకున్నాడు. అప్పటిదాకా పెద్ద పెద్ద పచ్చికల్ని మనుషులు వరుసగా నిలబడి పొడవాటి కొడవళ్లతో కోసేవారు. రెండేళ్లకే ఇప్స్‌విచ్‌లోని రాన్సమ్స్ కంపెనీ లైసెన్సు తీసుకుని తయారీ మొదలుపెట్టింది. 1902లో పెట్రోల్ ఇంజన్ మోవర్‌ని మార్కెట్లోకి తెచ్చిందీ ఆ కంపెనీయే. 1921లో బర్మింగ్‌హామ్ నుంచి ఆట్కో అనే మోవర్ వచ్చాక మామూలు ఇళ్ల తోటల్లోకి కూడా మోటార్ మోవర్ దిగింది. ఇంజన్ మారింది, పెట్టె మారింది. గుండ్రంగా తిరిగే బ్లేళ్లు కింద కదలకుండా ఉన్న ఒక బ్లేడు అంచుని రాసుకుంటూ గడ్డిని కత్తెరలా కోయడం మాత్రం మారలేదు. మీ షెడ్డులో ఉన్నది ఆ వంశమే.

ఇక సుత్తి మాట. వద్దు. చాలా ఇంజన్లలో పిస్టన్ పైభాగం అల్యూమినియం. కర్ర అడ్డం పెట్టినా దెబ్బ దెబ్బే. తుప్పుతో అంటుకుపోయిన పిస్టన్ రింగులు ఆ దెబ్బకి విరుగుతాయి, పిస్టన్ కదిలే ఇంజన్ సిలిండర్ గోడ మీద గీతలు పడతాయి, ఒక్కోసారి పిస్టన్‌ని పట్టుకునే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. కర్ర చివర విరిగి లోపల పడితే అదో కొత్త తంటా. వదులు చేయాల్సింది నూనె. ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలోంచి తుప్పు వదిలించే పల్చటి నూనె ఓ రెండు మూడు చెంచాలు పోయండి. ఆటోమేటిక్ కార్ల గేర్‌బాక్సులో పోసే ఏటీఎఫ్ ఆయిల్, అసిటోన్ సమపాళ్లలో కలిపి పోసేవాళ్లూ ఉన్నారు, బాగా పనిచేస్తుంది. కానీ అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి నిప్పు దగ్గర, మూసిన గదిలో దాంతో పని పెట్టుకోకండి. సిలిండర్ పక్కకి పడుకున్న ఇంజన్ అయితే మెషీన్‌ని జాగ్రత్తగా వంచి, నూనె పిస్టన్ చుట్టూ నిలిచేలా చూడాలి. పోశాక వదిలేయండి. రెండు రోజులకోసారి కాస్త పోస్తూ వారం, పది రోజులు. నెల పట్టినా ఆశ్చర్యపోవద్దు. ఆ తర్వాత ఫ్లైవీల్‌ని, అంటే ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రాన్ని, రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ చిన్నగా ఊపండి. వెంట్రుకవాసి కదిలినా చాలు, అక్కడే మళ్లీ నూనె, మళ్లీ ఊపు. తాడు పట్టి బలంగా లాగితే స్టార్టర్ విరుగుతుంది తప్ప పిస్టన్ వదలదు.

ఫ్లైవీల్ పట్టుకునే ముందు రెండు పనులు మరవకండి. ప్లగ్ వైరు తీసి దూరంగా కట్టేయాలి. వీలుంటే బ్లేళ్లకి వెళ్లే చైను విప్పేయాలి. తుప్పు పట్టిన బ్లేళ్ల సిలిండర్ ఉన్నట్టుండి వదిలి గిర్రున ఒక్క సగం చుట్టు తిరిగినా వేలు పోతుంది. బ్లేళ్లకి పదును లేదు కదా అని ధీమా పడొద్దు. తోలు గ్లౌజులు వేసుకోండి.

ఇంజన్ కదిలిందనుకుందాం. అప్పుడు నిప్పురవ్వ వస్తోందో లేదో చూడాలి. పాత ఇంజన్లలో చాలావాటికి పాయింట్లు, అంటే నిప్పురవ్వ కోసం కరెంటుని కలిపి తెంచే బిళ్లలు, ఫ్లైవీల్ కిందో లోపలో ఉంటాయి. ఏళ్లు గడిచేసరికి ఆ రెండు చిన్న బిళ్లల మధ్య పొర కట్టి కరెంటు అటూ ఇటూ పోదు. మెషీన్ చచ్చిపోయిందనుకున్న సందర్భాల్లో సగం తప్పు ఆ పొరదే. శుభ్రమైన గట్టి కాగితం ముక్కని పెట్రోల్‌తో తడిపి పాయింట్ల మధ్య పెట్టి లాగండి, నల్లగా వస్తుంది. తెల్లగా వచ్చేదాకా లాగండి. తర్వాత ఆ బిళ్లల మధ్య గ్యాప్ కొలవాలి. పాత బ్రిగ్స్ ఇంజన్లకి అంగుళంలో వెయ్యింట 20 వంతులు, అంటే అర మిల్లీమీటరు. విలియర్స్‌కి వెయ్యింట 15 వంతులు. విలియర్స్ ఫ్లైవీల్ విప్పేటప్పుడు ఓ విచిత్రం జరుగుతుంది. నడిమి నట్టు కొంచెం వదులై మళ్లీ బిగుసుకుంటుంది. పాడైందనుకుని కంగారుపడి ఆపేస్తారు. అది వేరే పుల్లర్ (ఊడలాగే పనిముట్టు) అక్కర్లేకుండా ఫ్లైవీల్‌ని తనే బయటికి లాగేలా చేసిన నట్టు. రెండోసారి బిగుసుకున్నాక ఇంకా తిప్పితేనే ఫ్లైవీల్ ఊడుతుంది.

పాత నట్ల మాట వచ్చింది కాబట్టి స్పానర్ల గురించి గట్టిగా చెప్పాలి. పాత బ్రిటిష్ మెషీన్ల నట్లు మిల్లీమీటర్ల కొలతలో ఉండవు. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన కొలతలవి. బోల్టు మీది మరల (చుట్ల) కోణం కూడా వేరు, వాటికి 55 డిగ్రీలు, మెట్రిక్‌కీ అమెరికన్‌కీ 60. పావు అంగుళం విట్‌వర్త్ బోల్టు తల ఈ అంచు నుంచి ఆ అంచుకి 13.3 మిల్లీమీటర్లుంటుంది. 13 స్పానర్ దూరదు, 14 వదులుగా ఉండి జారుతుంది. రెండుసార్లు జారిందంటే నట్టు మూలలు గుండ్రమైపోతాయి, ఆ తర్వాత ఏ స్పానరూ పట్టదు. విట్‌వర్త్ స్పానర్ మీద రాసి ఉండే కొలత బోల్టు లావుది, తలది కాదు. ఇది తెలియక చాలామంది తప్పు సెట్టు కొంటారు. మీ మెషీన్ ఏ దేశానిదో తేలాక ఆ కొలతల సెట్టు ఒకటి కొనుక్కోండి. దవడ జరుపుకునే స్పానర్‌తో మాత్రం వాటి జోలికి పోకండి. స్క్రూ తిప్పి దవడ సర్దుకునే స్పానర్ కూడా ఆ బడ్డింగే తయారుచేశాడు, దాని మీద నాకు గౌరవమే. కానీ తుప్పు పట్టిన నట్టు దానికి తగిన పని కాదు. నూనె పోసి, రాత్రంతా వదిలి, అప్పటికీ రాకపోతే నట్టు చుట్టూ కాస్త వేడి తగిలించి, అప్పుడు సరైన స్పానర్ పెట్టండి. వేడి తగిలించే చోట పెట్రోల్ ట్యాంకు ఉండకూడదు, దాన్ని ముందే విప్పి బయట పెట్టేయాలి.

విప్పే ప్రతి భాగానికీ ముందు ఫొటో, విప్పాక చీటీ. బోల్టు విప్పగానే దాని రంధ్రంలోనే నాలుగు చుట్లు బిగించి ఉంచితే ఆర్నెల్ల తర్వాత కూడా ఏది ఎక్కడిదో తెలుస్తుంది. అన్నీ ఒక డబ్బాలో పోసేస్తే, తిరిగి బిగించే రోజున ఉత్సాహమంతా నీరుగారిపోతుంది. సగంలో ఆగిపోయిన మెషీన్లు నేను చాలా చూశాను. అన్నిటి పక్కనా ఆ డబ్బా ఉంటుంది.

పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బురేటర్‌లో ఎండిపోయిన పెట్రోల్ బంకలా గడ్డకట్టి ఉంటుంది. పెట్రోల్ వెళ్లే సన్నటి జెట్ రంధ్రాల్లో సూది, ఇనుప తీగ దూర్చకండి. జెట్లు ఇత్తడివి, ఇనుము గీస్తే రంధ్రం పెద్దదై పెట్రోల్ లెక్క తప్పుతుంది. క్లీనర్‌లో నానబెట్టి, గాలి కొట్టి, అప్పటికీ మూసుకునే ఉంటే నైలాన్ దారం వాడండి. లోపల పెట్రోల్ మీద తేలే ఫ్లోట్ బెండుది (కార్క్) అయితే ఇంకో జాగ్రత్త. పెట్రోల్ పీల్చకుండా పాత బెండు ఫ్లోట్లకి లక్క వార్నిష్ పూసేవారు. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది. వార్నిష్ వదిలాక బెండు పెట్రోల్ తాగి మునుగుతుంది, కార్బురేటర్ పొంగి కారుతుంది. పాత రబ్బరు గొట్టాలు కూడా ఇథనాల్‌కి మెత్తబడి పగులుతాయి, వాటిని చూడకుండానే మార్చేయొచ్చు. ట్యాంకులో తుప్పుంటే వేడి సబ్బు నీళ్లు, గుప్పెడు చిన్న నట్లు వేసి బాగా ఊపండి. ఎన్ని నట్లు వేశారో లెక్క రాసుకోండి, అన్నీ బయటికి రావాలి. కడిగాక పూర్తిగా ఆరనివ్వండి.

తుప్పు సంగతి. అక్షరాలు, పాత పెయింటు ఉన్నచోట నూనె, మెత్తటి గుడ్డ, ఓపిక, అంతే. పెయింటు ఆనవాలే లేని ఇనుప ముక్కలకి, అంటే రోలర్ ఇరుసులు, బ్రాకెట్లు, లీవర్లు, వీటికి వాషింగ్ సోడా నీళ్లలో కరెంటు పెట్టే పద్ధతి నాకు నచ్చింది. ప్లాస్టిక్ తొట్టిలో లీటరు నీళ్లకి ఓ చెంచా లెక్కన సోడా కలిపి, పాత పద్ధతి బ్యాటరీ చార్జర్ మైనస్ వైరు మీ ముక్కకి, ప్లస్ వైరు పనికిరాని ఇనుప పలకకి తగిలించాలి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. రాత్రికి తుప్పు నల్లటి బురదలా మారి బ్రష్‌తో తోస్తే ఊడిపోతుంది, మంచి ఇనుము చెక్కుచెదరదు. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీల్ ఎప్పుడూ పెట్టకండి. అందులోంచి దిగే క్రోమియం విషం, ఆ నీళ్లు ఒంటికి తగలకూడదు, పారబోయకూడదు. అల్యూమినియం భాగాల్ని ఆ తొట్టిలో ముంచకండి, సోడా తినేస్తుంది. హైడ్రోజన్ బుడగలు వస్తాయి కాబట్టి ఆరుబయట చేయండి, వైర్లు తీసే ముందు చార్జర్ ఆపండి.

పాత పెయింటుని పొడిగా రుద్దొద్దు. 1970ల ముందు మెషీన్ అయితే అందులో సీసం ఉండే అవకాశం ఎక్కువ, ఆ దుమ్ము ఊపిరిలోకీ ఇంట్లోకీ పోతుంది. పిల్లలున్న ఇంట్లో మరీ ప్రమాదం. తప్పనిసరిగా రుద్దాల్సి వస్తే నీళ్లతో తడుపుతూ రుద్దండి, మాస్కు పెట్టుకోండి, బట్టలు విడిగా ఉతకండి. సైలెన్సర్ దగ్గరి పాత గ్యాస్కెట్లలో, క్లచ్ పట్టీల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, వాటిని గీకకండి, గాలి కొట్టకండి. తడిపి అలాగే తీసి మూటకట్టండి.

తుడవడం పూర్తయ్యాక ఆ పాత పెయింటు, గోధుమ మచ్చలు అన్నిటి మీదా ఉడికించిన అవిసె నూనె పల్చగా పూసి, పావుగంటాగి మిగులు తుడిచేయండి. ఆరాక రంగు లోతుగా తేరుతుంది, తుప్పు ముందుకి పాకదు. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూలన పడేయకండి. గాలి తగిలి వాటంతటవే వేడెక్కి మంట లేస్తుంది. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ల బకెట్లో వేయండి. షెడ్లు ఇలాగే కాలతాయి.

అయితే కొత్త పెయింటు అసలు వేయకూడదా? వేయొచ్చు. ఫ్యాక్టరీ పెయింటు ఆనవాలే లేకపోతే, ఎవరో ముందే వేరే రంగు పూసేసి ఉంటే, ఇనుము పొరలు పొరలుగా లేచి తినేస్తుంటే, వేయాలి. కొత్తదిలా మెరిసే మెషీన్ అంటే ఇష్టపడి, అసలు రంగు ఏదో వెతికి, గీతలు చేత్తో గీసి, ఎంతో శ్రద్ధగా చేసేవాళ్లున్నారు. ఆ పని నాకూ గౌరవమే. మీరు కొన్న మిగతా మూడిట్లో ఒకదానికి అలా చేయండి, సంతోషంగా. మీ తాతయ్య మెషీన్‌కి వద్దంటున్నాను, కారణం మీ ఉత్తరంలోనే ఉంది. హ్యాండిల్‌కి కుడివైపు మాత్రమే పెయింటు పోయిందన్నారు. తుప్పు కుడి ఎడమలు చూసి రాదు. వాన, తేమ రెండు వైపులా సమానంగా తింటాయి. మెషీన్ మలుపు తిప్పేటప్పుడు ఒక చెయ్యి గట్టిగా నొక్కుతుంది, రెండో చెయ్యి క్లచ్ మీదుంటుంది. ఆ నున్నటి చోట మీ కుడి చెయ్యి పెట్టి చూడండి. అక్కడ పెయింటు పూస్తే ఏం పోతుందో నేను రాయనక్కర్లేదు. కాస్త మైనం రుద్ది అలాగే ఉంచండి.

ఇంజన్ నడిచినా బ్లేళ్లు కోయకపోతే అది బొమ్మే. బ్లేళ్ల సిలిండర్ ఇరుసు వదులుగా అటూ ఇటూ ఆడుతోందేమో ముందు చూడండి, ఆడుతుంటే బేరింగులు మార్చాలి, మార్చకపోతే ఎంత సర్దినా నిలవదు. తర్వాత పై బ్లేళ్లు కింది బ్లేడుని తాకీ తాకనట్టు వచ్చేలా రెండు పక్కల స్క్రూలు కొంచెం కొంచెం తిప్పండి. న్యూస్‌పేపర్‌ని సన్నటి పట్టీలుగా చించి, మధ్యలో పెట్టి సిలిండర్‌ని చేత్తో మెల్లగా తిప్పండి, వేళ్లు దూరంగా. ఎడమ చివర, నడుమ, కుడి చివర, అన్నిచోట్లా పట్టీ తెగాలి. ఒకచోట తెగి ఒకచోట మడత పడితే వాల్వులు అరగదీసే పేస్టు బ్లేళ్ల అంచులకి రాసి సిలిండర్‌ని వెనక్కి తిప్పాలి. చేత్తో గానీ, నెమ్మదిగా తిరిగే డ్రిల్లుతో గానీ. కాసేపటికి రెండు అంచులూ ఒకదానికొకటి కుదురుకుంటాయి. పేస్టు మొత్తం కడిగేసి మళ్లీ కాగితం పెట్టండి. ఆ కాగితం కత్తెరతో కోసినట్టు తెగుతున్నప్పుడు సన్నటి చప్పుడొకటి వస్తుంది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చప్పుడు అదే.

ఇక మీరు కొన్న మూడు, మీ ఇంట్లో కోపం. మీ ఆవిడ అన్నది నిజమండి. ఒకటి నడవకుండానే మూడు కొనడం ఈ అలవాటులో అందరూ చేసే తప్పు. ఆ మూడింటినీ ఇప్పుడు విప్పకండి. ట్యాంకుల్లో ఏమున్నా ఖాళీ చేసి, ప్లగ్గులు విప్పి సిలిండర్లలో ఓ చెంచా నూనె పోసి, నేల తేమ తగలకుండా చెక్కల మీద ఎక్కించి, పాత దుప్పటి కప్పండి. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల చెమ్మ పట్టి ఇంకా పాడవుతాయి. అలా ఉంచితే అవి రెండేళ్లయినా ఇంతకన్నా చెడవు. షెడ్డులో ఇంత జాగా వరకే అని ఆవిడతో కలిసే ఒక గీత గీసుకోండి, ఆ గీత దాటి కొత్తది రాకూడదు. రావాలంటే ఒకటి బయటికి పోవాలి.

తర్వాతెప్పుడైనా కొనేటప్పుడు ఇంజన్ పట్టేసిందా అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న ఏమేం పోయాయి అన్నది. పట్టేసిన ఇంజన్‌ని నూనె, ఓపిక వదులు చేస్తాయి. పోయిన గడ్డి పెట్టె, పోయిన కార్బురేటర్, పగిలిన పోత ఇనుప పక్క పలక, ఇవి ఏళ్లపాటు వెతికిస్తాయి. నాలుగు రకాలు నాలుగు పక్కల నుంచి పోగేయకుండా ఒక దారి ఎంచుకోండి. ఒకే కంపెనీవా, ఒకే దశాబ్దానివా, కేవలం సిలిండర్ మోవర్లా, ఏదైనా సరే. నేర్చుకున్నది మళ్లీ పనికొస్తుంది, పార్టులు కూడా ఒకదానివి ఒకదానికి సరిపోతాయి.

టిల్లర్ల మీద మనసు పోతే అదీ మంచి దారే. ఆస్ట్రేలియాలో ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ అనే కుర్రాడు 1912లో తండ్రి పొలంలో ఇంజన్‌తో తిరిగే బ్లేళ్లతో మట్టి తిరగేయడం ప్రయత్నించి చూశాడు. ఇప్పుడు ఎవరు తయారుచేసినా మనం అనేస్తున్న రోటవేటర్ అన్న మాట ఆయన కంపెనీ పెట్టిన పేరే. ఇంగ్లీషులో ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే. అదే దేశంలో 1952లో మెర్విన్ రిచర్డ్‌సన్ తన గ్యారేజీలో అడ్డంగా తిరిగే బ్లేడు మోవర్ మొదటి నమూనా చేసినప్పుడు పెట్రోల్ ట్యాంకుగా బిగించింది పీచ్ పళ్ల ఖాళీ డబ్బా. విక్టా అనే మోవర్ బ్రాండు అలా మొదలైంది. ఈ మెషీన్లు ఇంట్లో, షెడ్డులో, చేతికి దొరికిన సామానుతో పుట్టినవి. ఇంట్లో, షెడ్డులోనే బాగుపడతాయి కూడా. పెద్ద వర్క్‌షాపు లేదని మీరు వెనకాడక్కర్లేదు. బ్రిటన్‌లో పాత మోవర్ల కోసమే 1990 నుంచి ఓల్డ్ లాన్‌మోవర్ క్లబ్ నడుస్తోంది, సౌత్‌పోర్ట్‌లో మోవర్ల మ్యూజియం ఉంది. మీది బ్రిటిష్ మెషీన్ అని తేలితే పాత మాన్యువల్ వెతకడం అటువైపు నుంచి మొదలుపెట్టండి.

మొదటిసారి స్టార్ట్ చేసే రోజు మెషీన్‌ని ఆరుబయట పెట్టి, బ్లేళ్ల చైను విప్పే ఉంచండి. ఇంజన్‌లో పాత నూనె తీసి కొత్తది పోయండి. నాలుగు స్ట్రోకుల ఇంజన్ అయితే మాన్యువల్ వేరేగా చెప్పకపోతే ఎస్ఏఈ 30 నూనె సరిపోతుంది. పక్కన నూనె పోసే మూత లేకపోతే అది రెండు స్ట్రోకులది అయ్యుండొచ్చు, అప్పుడు నూనె పెట్రోల్‌లోనే కలపాలి. పాత విలియర్స్‌కి కంపెనీ చెప్పినది 16 వంతుల పెట్రోల్‌కి ఒక వంతు. మీరు నానబెట్టిన నూనె కాలి మొదట్లో తెల్లటి పొగ దట్టంగా వస్తుంది, భయపడకండి, పదినిమిషాల్లో తగ్గుతుంది. ఇంజన్ ఆపడం ఎలాగో తాడు లాగడానికి ముందే తెలిసి ఉండాలి.

కోత అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో మిగిలింది కూడా కాలిపోయేదాకా నడపండి. ఇంజన్ చల్లారాక తాడుని మెల్లగా లాగుతూ పోతే ఒకచోట చేతికి బరువు తగులుతుంది. అక్కడ ఆపి వదిలేయండి. నాలుగు స్ట్రోకుల ఇంజన్ అక్కడ ఆగితే రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి, తేమ సిలిండర్‌లోకి పోదు, పిస్టన్ మళ్లీ పట్టేయదు. పేరు చదవగలిగితే, లేదా ఇంజన్ మీద నంబర్లు దొరికితే, ఆ టార్చి వెలుతురు ఫొటోలు పంపండి. ఏ ఏడాదిదో ఇద్దరం కలిసి చూద్దాం.